కాంట్రాక్టర్ లేకుండా ఒక్కో పనికి ఒక్కో మనిషిని పెట్టుకోవడం: ఎవరిని ఎలా పట్టుకోవాలి, ఏం రాసుకోవాలి?

కొత్తగడప
పాత ఫ్లాటు. రెండు బాత్‌రూములు పూర్తిగా పగలగొట్టి చేయాలి. వంటింట్లో గట్టు, సింకు మార్చాలి. ఇల్లంతా వైరింగు కొత్తగా లాగాలి, చివర్లో రంగులు. అంతా ఒకరికే అప్పగించకుండా తాపీ మేస్త్రీ, ప్లంబరు, ఎలక్ట్రీషియను, టైల్స్ మేస్త్రీ, వడ్రంగి, పెయింటరు ఇలా ఎవరికి వాళ్ళని మాట్లాడుకోవాలని ఉంది. మంచివాళ్ళని ఎలా పట్టుకోవాలి? ఎవరి వెనక ఎవరు రావాలి? డబ్బు ఏ లెక్కన ఇవ్వాలి?

రసమట్టం
కాంట్రాక్టరు వద్దనుకున్న రోజే ఆ కుర్చీలో మీరు కూర్చున్నట్టు. విడివిడిగా చూస్తే ఎవరి పని వాళ్ళకి వచ్చు. తేడా వచ్చేదల్లా ఒకరి పని ఆగి ఇంకొకరి పని మొదలయ్యే చోటే. ప్లంబరు గోడకి గాడి కొట్టి పైపు వేస్తాడు, ఆ గాడి పూడ్చేది ఎవరు? ఎలక్ట్రీషియను బాక్సు పెడతాడు, చుట్టూ సిమెంటు పూసి గోడకి సమం చేసేది ఎవరు? పగలగొట్టిన టైల్స్ బస్తాలకెత్తి కిందికి దించేది ఎవరు? మూడింటికీ "అది నా పని కాదండీ" అనే జవాబు వస్తుంది. రేటు మాట్లాడినప్పుడు ఎవరూ అడగలేదు కాబట్టి వాళ్ళనీ అనడానికి లేదు. మనుషుల్ని వెతకడానికి ముందే ఒక్కో గదికి ఒక్కో కాగితం పెట్టి, ఇలాంటి మధ్య పనులన్నీ రాసి, ఎదురుగా పేరు రాయండి. పేరు పడకుండా మిగిలినవి రోజు కూలికి మీరు చేయించుకోవాల్సినవి.

మనుషుల సంగతికి వస్తే, టైల్స్ మేస్త్రీని అడిగి ప్లంబర్ని పట్టుకోండి, పెయింటర్ని అడిగి తాపీ మేస్త్రీని పట్టుకోండి. ముందు చేసినవాడి తప్పు మోసేది వెనక వచ్చేవాడే. వంకర గోడకి లప్పం రెండింతలు పట్టిన పెయింటరు ఆ మేస్త్రీ పేరు చచ్చినా చెప్పడు. హార్డ్‌వేర్ షాపువాళ్ళు చెప్పే పేర్లూ పనికొస్తాయి. అయితే ఆ పేరు పనితనానికి వచ్చిందా, సరుకంతా అక్కడే కొనిపిస్తున్నందుకు వచ్చిందా అన్నది ఆరా తీయాలి.

చూడ్డానికి వెళ్తే నిన్న మొన్న చేసిన పని కాదు, రెండేళ్ళు వాడిన బాత్‌రూము చూపించమనండి. కొత్తది ఏదైనా మెరుస్తుంది. పాతదాంట్లో ఫ్లోర్ ట్రాప్ (నేలలో నీళ్ళు పోయే జాలీ) చుట్టూ నీళ్ళు నిలుస్తున్నాయా, నేలా గోడా కలిసే మూలలో గ్రౌటు (టైల్స్ సందుల్లో నింపేది) ఊడిందా, తలుపు చట్రం అడుగున ఉబ్బిందా చూడండి. అన్నిటికంటే ముఖ్యం, ఆ గోడకి అవతలి గదివైపు రంగు పొక్కులు లేచిందా అని.

లెక్కలపుస్తకం
ఇంకొకటి తప్పకుండా అడగాలి: "పనికి వచ్చేది మీరేనా, మీ మనుషులా?" రేటు మాట్లాడి వెళ్ళిన పెద్దమేస్త్రీ మళ్ళీ డబ్బు రోజునే కనిపించడం మామూలే. అందులో తప్పేం లేదు. కాకపోతే మీరు చూసిన పాత పని చేసిన చేతులే మీ ఇంటికీ వస్తున్నాయా అన్నది తేలాలి. ఒకేసారి ఎన్ని చోట్ల పని ఒప్పుకున్నారో కూడా అడగండి.

రేటు మూడు రకాలు: రోజు కూలి, కొలత లెక్క, గుత్త. రోజు కూలి ఇస్తే పని సాగుతుంది, కొలతకి ఇస్తే పరుగెడుతుంది, గుత్తకి ఇస్తే కనపడని చోట తగ్గుతుంది. లోపల ఏముందో తెలియని పనికి, అంటే పగలగొట్టడం, పాత గోడల మరమ్మతులకి రోజు కూలే నయం. గుత్తకి అడిగితే అవతలి మనిషి భయంతో రేటు పెంచి చెప్తాడు. టైల్స్, ప్లాస్టరింగు, రంగులు కొలతకి ఇవ్వండి. బాత్‌రూము ప్లంబింగు గుత్తకి. వైరింగు పాయింటు లెక్కన, అంటే ఒక్కో లైటు, ఫ్యాను, సాకెట్టుకి ఇంత అని.

కొలత అన్నాక ఎలా కొలుస్తారో ముందే రాసుకోవాలి. పెయింటరు కిటికీలు, తలుపుల వైశాల్యం తీసేస్తాడా లేదా? టైల్స్ మేస్త్రీ స్కర్టింగు (గోడ అడుగున వేసే టైల్ పట్టీ), మూలల్లో 45 డిగ్రీల కోత, గడప రాళ్ళు అడుగుల్లో విడిగా వేస్తాడా? రేటు తక్కువ చెప్పిన మనిషి బిల్లు చివరికి ఎక్కువయ్యేది ఇక్కడే. ముగ్గుర్ని అడిగితే ముగ్గురికీ ఒకే కాగితం ఇచ్చి అడగండి. నోటిమాటగా అడిగితే ముగ్గురూ మూడు వేరు వేరు పనులకి రేటు చెప్తారు.

గుమ్మందగ్గర
పొద్దున అరగంట, సాయంత్రం అరగంట సైటులో నిలబడే వీలు లేకపోతే ఈ ఆలోచన మానుకోండి. పొద్దున ఆ రోజు ఏం చేస్తారో చెప్పించుకోవాలి, సాయంత్రం మూతపడబోయేది ఏదైనా ఉంటే చూడాలి. ఫోన్లో ఫొటోలు పంపించమంటే బాగున్న గోడే వస్తుంది.

కొత్తగడప
అరగంటలు కుదురుతాయండీ, ఆఫీసు దగ్గరే. వరస ఎవరైనా చెప్పరా? ప్లంబరు ముందా, ఎలక్ట్రీషియను ముందా అని ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్నారు.

రసమట్టం
ముందు పగలగొట్టడం, చెత్త తరలింపు. తర్వాత గోడలు కట్టడం, తీయడం ఉంటే అది. ఏ గోడ తీయాలన్నా అది బరువు మోసే గోడ కాదని స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి చెప్పాలి, మేస్త్రీ తట్టి చూసి చెప్పడం చాలదు.

తర్వాత ప్లంబరు పైపులు, ఎలక్ట్రీషియను గొట్టాలు, బాక్సులు. ఇద్దరూ కలిసే చోట, అంటే గీజరు గోడ, వాష్‌బేసిన్ గోడ, సింకు వెనక, ముందు ప్లంబరే. నీటి పైపు చోటు కుళాయిని బట్టి ఖాయం, కరెంటు గొట్టం పక్కకి వంగుతుంది. పైపులకి ప్రెషరు పరీక్ష అయ్యాకే గాడులు పూడ్చాలి. తర్వాత ప్లాస్టరింగు, దానికి కనీసం 7 రోజులు నీళ్ళు పట్టడం. ఆ మీద వాటర్‌ప్రూఫింగు, నీళ్ళు నిలబెట్టి చూడటం, టైల్స్. ఫాల్స్ సీలింగు ఉంటే ఈ దశలో. వైర్లు లాగడం, లప్పం, ప్రైమరు, మొదటి కోటు. అప్పుడు వడ్రంగి. చివరి కోటు, ఆ తర్వాత స్విచ్ ప్లేట్లు, కుళాయిలు, కమోడు.

ఒకరికీ ఇంకొకరికీ మధ్య 2, 3 రోజులు ఖాళీ పెట్టుకోండి. తర్వాతి మనిషికి ఫలానా తేదీ అని ఖాయం చేయకుండా "పరీక్ష పాసైన మర్నాడు" అని చెప్పడం మంచిది. తేదీ ఇచ్చేశారంటే, టైల్స్ మేస్త్రీ గుమ్మంలో నిలబడ్డాడని పరీక్ష ఎగ్గొట్టేస్తారు.

తడిగోడ
ప్లంబర్‌కీ టైల్స్ మేస్త్రీకీ మధ్య జరిగే తప్పుల్లో పెద్దది డైవర్టరు లోతు. షవరుకి వేడి, చల్లని నీళ్ళు కలిపి పంపే కుళాయి అది. గోడలో దాగే ఆ ఇత్తడి బాడీ మీద ప్లాస్టిక్ టోపీ ఉంటుంది, దాని మీద "ఇంతకంటే లోపలికి వద్దు, ఇంతకంటే బయటికి వద్దు" అని రెండు గీతలుంటాయి. టైల్ పైముఖం ఆ రెండు గీతల మధ్య పడాలి. ప్లంబరు బిగించేటప్పటికి ఎదురుగా ఉన్నది ఇటుక గోడ. దాని మీద ప్లాస్టరింగు 12 నుంచి 15 మి.మీ., వాటర్‌ప్రూఫింగు 1, 2 మి.మీ., టైల్ 8 నుంచి 10 మి.మీ. వీటి మధ్యలో ఉండేదే అసలు చిక్కు: గమ్‌తో అంటిస్తే 3 నుంచి 6 మి.మీ., సిమెంటుతో అంటిస్తే 15 నుంచి 20 మి.మీ. అంటే టైల్స్ మేస్త్రీ ఏ పద్ధతిలో వేస్తాడో తెలియకుండా ప్లంబరు లోతు పెట్టలేడు. తేడా సెంటీమీటరు దాటిపోతుంది. లోపలికి పోతే ఎక్స్‌టెన్షన్ ముక్కల కోసం తిరగాలి, బయటికి వస్తే ప్లేటు గోడకి ఆనదు. టైల్స్ పడ్డాక ఆ ముక్కలు దొరక్కపోయినా, ప్లేటు ఆనకపోయినా మందు పగలగొట్టడమే.

అందుకని ప్లంబరు బాడీ బిగించే రోజు టైల్స్ మేస్త్రీని ఒక గంట రప్పించండి, ఆ గంటకి డబ్బివ్వండి. కొన్న టైల్ ముక్క ఒకటి చేతికిచ్చి, పైముఖం ఎక్కడికి వస్తుందో ఆ టోపీ మీద పెన్సిలుతో గీయించండి. డైవర్టరు, కమోడు, టైల్స్ మూడూ ఆ రోజుకే కొని ఇంట్లో ఉండాలి. "తర్వాత చూసుకుందాం" అన్న వస్తువుకి సరైన గాడి ఎవరూ కొట్టలేరు.

కమోడుకీ ఇదే లెక్క. ఎస్ ట్రాప్ (గొట్టం నేలలోకి దిగే రకం) అయితే గోడ నుంచి గొట్టం మధ్యకి దూరం టైల్ ముఖం నుంచి కొలవాలి. ఒట్టి గోడ నుంచి కొలిస్తే తర్వాత 30, 40 మి.మీ. తగ్గిపోయి ట్యాంకు గోడకి తగులుతుంది.

ప్రెషరు పరీక్ష: సీపీవీసీ (వేడి నీళ్ళు తట్టుకునే ప్లాస్టిక్ పైపు) జాయింట్లు అంటించాక 24 గంటలు వదిలేయండి. సీపీవీసీకి దాని సిమెంటే వాడాలి, మామూలు పీవీసీ గమ్ పనికిరాదు. కుళాయి చోట్లన్నీ ప్లగ్గులు బిగించి, గీజరు దగ్గర వేడి, చల్లని లైన్లని ఒక ముక్క పైపుతో కలిపితే ఒకే పరీక్షలో రెండూ తేలతాయి. పైన ఉన్న ప్లగ్గు కాస్త వదులు చేసి గాలి అంతా పోనివ్వాలి, గాలి ఉంటే గేజి ముల్లు సరిగ్గా చెప్పదు. మామూలుగా ఉండే ఒత్తిడికి కనీసం ఒకటిన్నర రెట్లు ఎక్కించి రాత్రంతా వదిలేయండి. ఎక్కించినప్పుడు గేజి ఫొటో, పొద్దున గేజి ఫొటో. రాత్రి చల్లదనానికి ముల్లు కాస్త కదులుతుంది, అది పరవాలేదు. అంతకంటే ఎక్కువ పడితే మాత్రం కారే జాయింటు వెతకాల్సిందే.

కొత్తగడప
వాటర్‌ప్రూఫింగు ఎవరిది? ప్లంబరూ చేస్తానంటున్నాడు, టైల్స్ మేస్త్రీ కూడా చేస్తానంటున్నాడు.

తడిగోడ
ఎవరైనా సరే, ఆ ఒక్క పని మాత్రం సరుకుతో సహా ఒకరికే ఇవ్వండి. సరుకు మీరు కొని, పని వాళ్ళు చేస్తే, రేపు కారినప్పుడు "సరుకు మంచిది కాదు" అంటారు. మిగతావన్నీ మీరు కొన్నా ఇబ్బంది లేదు.

రాసుకోవాల్సినవి ఇవి. నేలా గోడా కలిసే మూలల్లో ముందు సిమెంటు గుండ్రంగా పట్టాలి. రెండు కోట్లు, ఒకటి అడ్డంగా ఒకటి నిలువుగా. గోడల మీదికి కనీసం ఒక అడుగు, షవరు ఉన్న గోడకి 6 అడుగుల దాకా. నేలలోంచి పైపు బయటికొచ్చే ప్రతి చోటా చుట్టూ విడిగా సీలు చేయాలి, కారేది ఎక్కువగా అక్కడినుంచే. ఆరాక ట్రాప్ మూసి, గడప దగ్గర ఇటుకలతో చిన్న కట్ట కట్టి, నీళ్ళు నిలబెట్టాలి. గోడ మీద నీటి మట్టం గీసి 24 గంటలు ఉంచాలి.

రసమట్టం
24 కాదు, 48 పెట్టండి. శ్లాబులో సన్నటి దారి ఉంటే కింది ఫ్లాటు సీలింగులో తడి కనపడడానికి ఒక రోజు చాలకపోవచ్చు. కిందివాళ్ళకి ముందే చెప్పి, వాళ్ళ సీలింగు ఫొటో పరీక్షకి ముందు, తర్వాత తీసి ఉంచుకోండి. పాత మరక మీ మెడకి చుట్టుకోకుండా ఉంటుంది.

తడిగోడ
ఒప్పుకుంటాను, 48 మేలు. పరీక్ష పాసయ్యాక ఆ నేలకి మేకు గానీ డ్రిల్లు గానీ తగలకూడదు. తలుపు చట్రం క్లాంపులు, కమోడు బోల్టులు వాటర్‌ప్రూఫింగుకి చిల్లి పెడతాయి. తప్పనిసరిగా బోల్టు పెట్టాల్సిన చోట రంధ్రంలో సీలెంటు నింపి అప్పుడు బిగించాలి.

రసమట్టం
టైల్స్ గురించి రెండు మాటలు. బాత్‌రూము నేలకి వాటం మీటరుకి 10 నుంచి 12 మి.మీ., ట్రాప్ వైపు. టైల్స్ పెట్టాక కాదు, కింద మట్టం పోసినప్పుడే రసమట్టం పెట్టి, ఒక బకెట్టు నీళ్ళు పోసి చూడండి. పెద్ద టైల్ నాలుగు వైపులకీ వాటం తిరగదు, అక్కడ చిన్నవే మంచివి.

మేస్త్రీ టైల్ వెనక నాలుగైదు ముద్దలు పెట్టి అంటిస్తుంటే ఆపండి. మధ్యలో డొల్ల మిగిలి, ఏదో ఒకరోజు బరువు పడి పగులుతుంది, గోడకైతే డ్రిల్లు పెట్టగానే పగులుతుంది. పళ్ళ కరండితో వెనకంతా పట్టించాలి. మొదటి రోజు ఒక టైల్ తడి మీదే ఊడదీయించి వెనక చూడండి, ఖాళీలుంటే అప్పుడే తెలిసిపోతుంది. ఆరాక చెక్క పిడితో ఒక్కోటీ తట్టండి, డొల్ల శబ్దం వచ్చినదాని మీద మార్కరుతో గుర్తు పెట్టండి. బిల్లుకి ముందు ఆ గుర్తులన్నీ మారాలి. టైల్స్ కొలత మీద 10 శాతం ఎక్కువ, ఐమూలగా వేయిస్తే 15 శాతం, అన్ని పెట్టెల మీదా ఒకే బ్యాచ్ నంబరు, ఒకే షేడు నంబరు ఉండేలా తీసుకోండి. మిగిలినవి అటక మీద పెట్టుకోండి.

ఎర్త్‌వైరు
వైరింగు విషయంలో మొదటి షరతు లైసెన్సు ఉన్న మనిషి. రెండోది "పాయింటు" అంటే ఏమిటో రాసుకోవడం. గాడి కొట్టడం, గొట్టం, బాక్సు, గాడి పూడ్చడం, వైరు లాగడం, స్విచ్ బిగించడం, ఇందులో ఏవేవి పాయింటు రేటులో ఉన్నాయి? రెండు చోట్ల నుంచి వేసే స్విచ్ ఒక పాయింటా, రెండా? బోర్డు నుంచి గీజరుకి లాగే వైరు పాయింటు కిందికి వస్తుందా, మీటర్ల లెక్కా?

వైరు మామూలుగా లైట్లు, ఫ్యాన్లకి 1.5 స్క్వేర్ ఎం.ఎం., సాకెట్లకి 2.5, గీజరుకీ ఏసీకీ 4, ఒక్కోదానికి బోర్డు నుంచి విడి లైను. లోడు, దూరం చూసి ఎలక్ట్రీషియను పెంచవచ్చు, తగ్గిస్తానంటే ఒప్పుకోకండి. గొట్టం లోపల వైరు అతుకు ఉండకూడదు, అతుకు బాక్సులోనే. బరువు మోసే గోడలో నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు, అడ్డ గాడి ఆరో వంతు మించకూడదు. గొట్టాలు పెట్టాక, గాడి పూడ్చే ముందు ప్రతి గోడకీ టేపు ఆనించి ఫొటో తీసుకోండి. తర్వాత అల్మరా బిగించే వడ్రంగికి ఆ ఫొటోలే దారి.

వైర్లు లాగాక, ఏ వస్తువూ తగిలించకముందు 500 వోల్టుల మెగ్గరు (వైరు పైపొర బాగుందా అని కొలిచే మీటరు) పెట్టించండి. కనీసం 1 మెగాఓమ్ రావాలి, కొత్త వైరింగుకి చాలా ఎక్కువే వస్తుంది. 1కి దగ్గరగా ఉందంటే ఎక్కడో వైరు పైపొర చీలింది, లేదా గొట్టంలో తడి ఉంది. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉండాలి. దాని టెస్టు బటన్ నొక్కితే పడిపోయింది కదా అని ఎర్త్ బాగుందనుకోకండి, ఎర్త్ అసలు లేకపోయినా ఆ బటన్ పనిచేస్తుంది. ఎర్త్‌ని విడిగా కొలవాలి. కొత్త ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుంటే ముందు చూడాల్సింది, ఒక సర్క్యూట్ న్యూట్రల్ ఇంకోదానితో కలిసిందా అని. "అది సెన్సిటివ్, తీసేద్దాం" అనే మనిషిని మార్చండి.

చెక్కపొట్టు
వడ్రంగి కొలతలు టైల్స్ అయ్యాకే తీసుకోవాలి, ముందు తీసుకున్నవి అంచనాకే. పాత నేల మీదే కొత్త టైల్స్ వేస్తుంటే నేల 15, 20 మి.మీ. లేస్తుంది, ఇల్లంతా తలుపుల అడుగు కోయాలి. ఆ కోత ఎవరి లెక్కలోకి వస్తుందో రసమట్టం గారు చెప్పిన కాగితంలో చేర్చండి.

అల్మరాలు అడుగు లెక్కన ఇస్తే ముందు ముఖం కొలతా, లోపలి పెట్టె పలకలన్నీ కలిపిన కొలతా అడగండి. రెండింటికీ చాలా తేడా. ప్లైవుడ్ రకం, మందం, లోపలి లామినేటు, కీళ్ళు, డ్రాయరు పట్టాలు, హ్యాండిళ్ళు రేటులో ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ రాయించండి. సింకు కింది పెట్టెకి నీళ్ళు తట్టుకునే రకం ప్లై, కోసిన ప్రతి అంచుకీ సీలు. చిమ్నీ గొట్టం రంధ్రం టైల్స్‌కి ముందే కొట్టించాలి. చిమ్నీ, పొయ్యి, సింకు మోడళ్ళు కొని, వాటితో వచ్చే కొలతల కాగితం గోడకి అంటించి ఉంచండి.

లెక్కలపుస్తకం
డబ్బు ఇచ్చే పద్ధతి. అడ్వాన్సు తేదీ పట్టుకోవడానికి సరిపడేంతే. సరుకు మీరే కొంటుంటే పెద్ద అడ్వాన్సు అడగడానికి కారణమే లేదు. కూలీలని వెంట తెచ్చే మేస్త్రీ వారం వారం వాళ్ళకి ఇచ్చుకోవాలి, కాబట్టి అంతా చివరికి ఆపితే ఆయనే వేరే సైటుకి వెళ్ళిపోతాడు. వారానికోసారి ఇద్దరూ కలిసి కొలిచి, అయినంత పనికి ఇచ్చేయండి. ప్లంబర్‌కి మాత్రం పరీక్షల లెక్కన: ప్రెషరు పరీక్ష పాసైతే ఒక భాగం, కుళాయిలు బిగించి కారకుండా ఉంటే ఇంకో భాగం.

చివరి 10 శాతం ఒక నెల వాడాక ఇస్తానని మొదటి రోజే చెప్పండి. చివర్లో చెప్తే అది తగాదా. మధ్యలో పెరిగిన పనులకి ఆ రోజే వాట్సాప్‌లో పని, రేటు రాసి "సరే" అనిపించుకోండి.

మూడోకోటు
కొత్త ప్లాస్టరింగుకి రంగు తొందర వద్దు, 28 రోజులు ఆరాలి. తడి గోడకి లప్పం పట్టిస్తే పొక్కులు లేస్తాయి, తప్పు పెయింటరు మీద పడుతుంది. లప్పం రుద్దాక, ప్రైమరుకి ముందు, చీకటి పడ్డాక టార్చి గోడకి ఆనించి పక్కనుంచి వేయండి. గుంటలూ గీతలూ నీడలతో సహా లేస్తాయి. పెన్సిలుతో చుట్టి గుర్తు పెట్టండి, పొద్దున మళ్ళీ పట్టిస్తాడు. రంగు వేశాక ఈ పని చేస్తే మొదటినుంచి రావాలి.

కొత్తగడప
చివరి సందేహం. పని జరుగుతుండగా మేం ఇంట్లోనే ఉంటాం. రెండు బాత్‌రూములూ ఒకేసారి పగలగొట్టించవచ్చా? ఒకేసారైతే చవక అని ప్లంబరు అంటున్నాడు.

తడిగోడ
ఒకదాని తర్వాత ఒకటే. కాకపోతే మొదటి రోజే రెండింటికీ విడి విడిగా కంట్రోల్ వాల్వులు పెట్టించండి, లేదంటే ఒకదాంట్లో పైపు అంటించిన ప్రతిసారీ ఇల్లంతా నీళ్ళు ఆపాలి. మొదటిదాంట్లో నీళ్ళు నిలబెట్టి చూసి, టైల్స్ పడి, కమోడు బిగించి వాడకంలోకి వచ్చాకే రెండోదాని మీద సుత్తి పడాలి. మనుషులు వాళ్ళే అయితే రెండోదానికి రేటు తగ్గించమని ఇప్పుడే అడగండి, డైవర్టరు లోతు లెక్క ఈసారి వాళ్ళకి తెలిసే ఉంటుంది.